కంట్లో మచ్చలు చూసి గుండె డాక్టరు దగ్గరికి ఎందుకు పంపారు?

ప్రశ్న: మా అక్కకు 34 ఏళ్ళు. చిన్నప్పుడు కీళ్ళనొప్పుల జ్వరం వచ్చి గుండెలో ఒక వాల్వు దెబ్బతింది. 21 రోజులకోసారి వేసే పెనిసిలిన్ ఇంజెక్షన్ ఇప్పటికీ వేయించుకుంటోంది. నాలుగు వారాలుగా సాయంత్రమైతే జ్వరం. ఊళ్ళో టైఫాయిడ్ అని రెండు విడతలు యాంటీబయాటిక్ ఇచ్చారు. వాడినన్నాళ్ళు తగ్గుతుంది, ఆపగానే మళ్ళీ మొదలు. మొన్న కుడికన్ను మసకగా ఉందంటే కంటి డాక్టరుకు చూపించాం. చుక్కల మందు వేసి లోపల చూశారు. రెటీనా (కంటి లోపల వెనకవైపు పొర) మీద రక్తపు మచ్చలు ఉన్నాయనీ, వాటి మధ్యలో తెల్లగా ఉందనీ, కింది రెప్ప లోపల ఎర్ర చుక్కలు కూడా ఉన్నాయనీ చెప్పారు. కంటికి మందేమీ రాయలేదు. "ఈ రోజే గుండె డాక్టరుకు చూపించండి, బ్లడ్ కల్చర్ చేయించండి" అని చీటీ ఇచ్చారు. కంటికీ గుండెకీ ఏమిటి సంబంధం? పండగ అయ్యాక వెళ్తే సరిపోదా? మూడో విడత మాత్రలు తెచ్చి ఉంచాం, వెయ్యమంటారా? చూపు తిరిగొస్తుందా?

జవాబు:

మాత్రలు వెయ్యకండి. పండగ దాకా ఆగకండి. ఇది ఏ వేళకు చదివినా సరే, ఈ రోజే బయల్దేరండి. ఎకో (గుండె స్కానింగు) తీసే వీలూ, బ్లడ్ కల్చర్ (రక్తంలో బాక్టీరియా ఉందేమో పెంచి చూసే పరీక్ష) చేసే ల్యాబూ రెండూ ఉన్న ఆసుపత్రి కావాలి. దగ్గర్లో మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంటే అక్కడికే వెళ్ళండి. మిగతా జవాబంతా దారిలో చదువుకోవచ్చు.

నేను కంటి డాక్టర్ని. ముప్ఫై ఏళ్ళకు పైగా జిల్లా కేంద్రంలో ప్రాక్టీసు. మీ కంటి డాక్టరు మందు రాయకుండా పంపారని మీకు కొంచెం వింతగా అనిపించినట్టుంది. నా దగ్గర కూడా "ఫీజు తీసుకుని ఒక్క చుక్కల మందైనా రాయలేదేంటి" అని పోట్లాడి వెళ్ళినవాళ్ళున్నారు. కానీ ఆయన చూసినదానికి కంట్లో వేసే మందు లేదు. మంట గుండెలో ఉంటే పొగ కంట్లో కనిపించింది. అదీ ఆయన చీటీకి అర్థం.

అసలు జరిగేదేంటో చెబుతాను. గుండె గదుల లోపలి పొర చాలా నున్నగా ఉంటుంది. మన రక్తంలోకి సూక్ష్మజీవులు అప్పుడప్పుడూ దూరడం మామూలే. గట్టిగా పళ్ళు తోముకుని చిగురు చిట్లినా కొన్ని లోపలికి పోతాయి. ఆ నున్నటి పొర మీద వాటికి పట్టు దొరకదు, కాసేపట్లో రక్తమే వాటిని శుభ్రం చేసేసుకుంటుంది. మీ అక్కలాగా వాల్వు ముందే దెబ్బతిని ఉంటే సంగతి వేరు. రక్తం సన్నటి సందులోంచి చిమ్ముతూ వచ్చి తగిలేచోట ఆ పొర గరుకెక్కుతుంది. గరుకు మీద రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు, ఫైబ్రిన్ పోగులు పేరుకుంటాయి. అటుగా వచ్చిన బాక్టీరియా అందులో కాపురం పెడుతుంది. దానిమీద మళ్ళీ ఫైబ్రిన్, మళ్ళీ బాక్టీరియా. అలా తొట్టికి పాచి పట్టినట్టు పొరలు పొరలుగా పెరిగే మెత్తటి గడ్డను డాక్టర్లు వెజిటేషన్ అంటారు. జబ్బు పేరు ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్.

ఆ వాల్వు నిమిషానికి డెబ్భై, ఎనభై సార్లు తెరుచుకుని మూసుకుంటూ ఉంటుంది. దాని అంచున వేలాడే మెత్తటి గడ్డలోంచి ముక్క ఊడటానికి ఎంతసేపు? గుండె ఎడమవైపు నుంచి ఊడిన ముక్క రక్తంతోపాటు ఎక్కడికైనా వెళ్ళొచ్చు. మెదడు, మూత్రపిండాలు, ప్లీహం, కాళ్ళు, కన్ను. మెడలోంచి మెదడుకు వెళ్ళే పెద్ద ధమని పుర్రెలోకి చేరాక ఇచ్చే మొదటి ముఖ్యమైన కొమ్మ కంటికే వెళ్తుంది. అంటే మెదడుకు వెళ్ళే దారిలోనే కన్ను ఉంది. కంట్లో ఏదైనా కనబడిందంటే పక్క దారిలో మెదడుకు కూడా ప్రమాదం పొంచి ఉందని నేను అనుకుంటాను. మిమ్మల్ని పండగ దాకా ఆగొద్దన్నది అందుకే.

ఇప్పుడు ఆ మచ్చల సంగతి. శరీరంలో రక్తనాళాలను కోయకుండా, గుచ్చకుండా, నేరుగా, స్పష్టంగా చూడగలిగే ముఖ్యమైన చోటు రెటీనా. జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ 1851లో ఆఫ్తాల్మోస్కోపు అనే, కంటి లోపల చూసే పరికరం కనిపెట్టాక ఇది సాధ్యమైంది. స్విట్జర్లాండులో మోరిట్జ్ రోత్ అనే పెథాలజిస్టు 1872లో, రక్తంలో ఇన్ఫెక్షన్ ఉన్న రోగుల రెటీనాలో కనిపించే ఎర్రటి, తెల్లటి మచ్చల గురించి రాశాడు. కొన్నేళ్ళకు లిట్టెన్ అనే మరో డాక్టరు వాటిని గుండె వాల్వుల ఇన్ఫెక్షన్‌తో ముడిపెట్టి, రోత్ మచ్చలని పేరు పెట్టాడు. ఆ పేరే ఇప్పటికీ వాడుతున్నాం. చూడటానికి చిన్న ఎర్రటి రక్తపు మరక, నడిమధ్యన తెల్లటి చుక్క. ఆ తెల్లదనం చీము అనీ, బాక్టీరియా ముద్ద అనీ చాలాకాలం అనుకున్నారు. ఇప్పటి అవగాహన వేరు. సన్నటి రక్తనాళం చిట్లి రక్తం కారుతుంది, ఆ చిల్లును పూడ్చడానికి ప్లేట్‌లెట్లు, ఫైబ్రిన్ కలిసి బిరడాలా గడ్డకడతాయి. తెల్లగా కనిపించేది ఆ బిరడా.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. రోత్ మచ్చ కనిపిస్తే ఎండోకార్డైటిస్ అని ముద్ర వేసేయలేం. బ్లడ్ క్యాన్సర్‌లో ఇవి వస్తాయి. రక్తం బాగా తగ్గినవాళ్ళలో వస్తాయి. మన దగ్గర హిమోగ్లోబిన్ ఐదూ ఆరుతో వంట చేసుకుంటూ తిరిగే ఆడవాళ్ళు తక్కువేం లేరు. షుగరు, బీపీ, గర్భిణుల్లో వచ్చే బీపీ, వీటిలోనూ కనబడొచ్చు. డెంగ్యూలో ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు కూడా రెటీనాలో రక్తపు మరకలు చూస్తుంటాం. కాబట్టి మచ్చ ఒక్కటే చూసి ఎవరూ జబ్బు పేరు చెప్పరు, చెప్పకూడదు. మీ అక్క విషయంలో నన్ను భయపెట్టింది మచ్చ ఒక్కటే అయితే ఇంత తొందరపెట్టేవాణ్ణి కాదు. చెడిన వాల్వు, నెల రోజుల జ్వరం, యాంటీబయాటిక్ వేస్తే తగ్గి ఆపితే రావడం, వాటి పక్కన ఈ మచ్చ. ఈ నాలుగూ ఒకే మనిషిలో కలిశాయి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఎండోకార్డైటిస్ ఉన్నవాళ్ళలో రోత్ మచ్చలు కనిపించేది చాలా కొద్దిమందిలోనే, నూటికి ఐదుగురి లోపే. అంటే రెటీనా శుభ్రంగా ఉన్నంతమాత్రాన గుండె శుభ్రంగా ఉన్నట్టు కాదు. ఇది చదివి "మా నాన్నకూ వాల్వు సమస్య ఉంది, జ్వరం ఉంది, కానీ కంట్లో ఏమీ లేదన్నారు" అని ఊరట పడేవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళకోసం రాస్తున్నాను. కంట్లో ఏమీ లేకపోయినా జ్వరానికి కారణం తేలాల్సిందే.

కింది రెప్ప లోపలి ఎర్ర చుక్కల్ని మాత్రం మీరే చూడొచ్చు. అద్దం ముందు, మంచి వెలుతురులో, కింది రెప్పను వేలితో కిందికి లాగితే లోపల గులాబీ రంగు పొర కనిపిస్తుంది. దానిమీద ఎర్ర సిరా పెన్నుతో పొడిచినట్టు చిన్న చుక్కలు. నొప్పి, దురద, పుసి ఏవీ ఉండవు. పై రెప్ప తిప్పి చూడటం మీవల్ల కాదు, ప్రయత్నించకండి. కొద్ది రోజుల్లో ఇవి మాయమైపోతాయి, కొత్తవి వస్తాయి, అందుకే చాలాసార్లు ఎవరి కంటా పడవు. ఫోన్లో ఫొటో తీసి ఉంచుకోండి. ఆసుపత్రికి చేరేలోగా మాయమైనా చూపించడానికి ఉంటుంది.

దీన్ని తెల్లగుడ్డు మీద రక్తం చిమ్మినట్టు ఒక్కసారిగా ఎర్రబడటంతో కలిపేసుకోకండి. గట్టిగా దగ్గినా, తుమ్మినా, ముక్కినా వచ్చే ఆ ఎరుపు చూడటానికి భయంకరంగా ఉంటుంది కానీ, చాలామందిలో రెండు వారాల్లో దానంతటదే పోతుంది. మెటల్ వాల్వు వేయించుకుని రక్తం పలచబడటానికి అసిట్రోమ్ లాంటి మాత్ర వాడేవాళ్ళకు అలా అయితే రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చేయించాలి. మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు. అదే మనిషికి జ్వరం కూడా ఉంటే అప్పుడు ఈ జవాబు మొత్తం ఆయనకూ వర్తిస్తుంది.

కంట్లో కనిపించేవి ఇంకా ఉన్నాయి. వీటిలో నేను ఎక్కువగా భయపడేది ఒక కన్ను ఒక్కసారిగా, నొప్పి లేకుండా చీకటైపోవడం. గుండె నుంచి ఊడిన ముక్క రెటీనాకు రక్తమిచ్చే ధమనిలో ఇరుక్కుంటే అలా అవుతుంది. రెటీనా రక్తం లేకుండా గంటన్నర, మహా అయితే కొన్ని గంటలు ఓర్చుకుంటుంది. ఆ తర్వాత చూపు తిరిగి రావడం కష్టం. కొందరికి ముందు హెచ్చరికగా, కంటికి తెర దించినట్టై కొన్ని నిమిషాల్లో మళ్ళీ మామూలైపోతుంది. తగ్గిపోయింది కదా అని ఎవరికీ చెప్పరు. అసలు చెప్పాల్సింది అదే.

రెండు కళ్ళతో చూసినా ఒకవైపు సగం కనబడకపోవడం, ఒక వస్తువు రెండుగా కనబడటం, రెప్ప వాలిపోవడం, ఇవి కంటి జబ్బులు కావు. మెదడుకు సంబంధించినవి. అప్పుడు కంటి డాక్టరు దగ్గరకు కాదు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళాలి. వెళ్ళగానే "వాల్వు సమస్య ఉంది, ఇన్ని రోజులుగా జ్వరం ఉంది" అని మొదటి వాక్యంలోనే చెప్పండి. ఎందుకంటే పక్షవాతం వచ్చినవాళ్ళకు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తుంటారు. వచ్చిన ముక్క ఎండోకార్డైటిస్‌దైతే ఆ ఇంజెక్షన్ వల్ల మెదడులో రక్తస్రావమయ్యే ప్రమాదం ఎక్కువ, అందుకని సాధారణంగా ఇవ్వరు. జ్వరం సంగతి మీరు చెప్పకపోతే ఆ హడావుడిలో వాళ్ళకు తెలియకపోవచ్చు. ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ మాత్ర కూడా సొంతంగా వెయ్యకండి.

మిగిలింది కంటి లోపలికే ఇన్ఫెక్షన్ చేరడం. కన్ను ఎర్రబడుతుంది, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు రోజురోజుకీ కాదు, గంటగంటకీ తగ్గడం, కళ్ళముందు నల్లటి నలకలు తేలడం. ఒక్కోసారి నల్లగుడ్డు ముందు కింది భాగంలో తెల్లటి చీము గీత కట్టినట్టు కనిపిస్తుంది. గుండె వాల్వు నుంచే కాదు, షుగరు ఉన్నవాళ్ళకు కాలేయంలో చీముగడ్డ వచ్చినప్పుడు కూడా ఇలా జరుగుతుంది. దీన్ని మామూలు కంటివాపు అనుకుని స్టెరాయిడ్ చుక్కలు రాసేయడం జరుగుతుంటుంది. రెండు రోజులు ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, లోపల మాత్రం ముదిరిపోతుంది. దీనికి కంటి లోపలికే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇవ్వాలి, కొన్నిసార్లు ఆపరేషన్ చెయ్యాలి. జ్వరం ఉన్న మనిషికి కన్ను ఎర్రబడి చూపు తగ్గితే, మందుల షాపులో చెప్పి చుక్కల మందు తెచ్చుకోవడమంత ప్రమాదం ఇంకోటి లేదు.

నా మొదటి రోజుల్లో జరిగింది ఒకటి చెబుతాను. పాతికేళ్ళు దాటని కుర్రాడు, టైలరింగ్ చేసేవాడు. సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాను, కళ్ళజోడు కావాలని వచ్చాడు. సాయంత్రం రద్దీ. చార్టు చదివించాను, ఒక కంట్లో రెండు వరుసలు తక్కువ చదివాడు. లోపల చూస్తే రెండు చిన్న రక్తపు మరకలు. షుగరు, బీపీ పరీక్షలు రాసి వారం తర్వాత రమ్మన్నాను. జ్వరం ఉందా అని అడగలేదు. గుండె సంగతి అడగలేదు. వారం తర్వాత వాళ్ళ నాన్న ఒక్కడే వచ్చాడు, రిపోర్టులు పట్టుకుని. కుర్రాడికి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయి పెద్దాసుపత్రిలో ఉన్నాడు. నెలన్నరగా జ్వరం అట. అడిగితే చెప్పేవాడు. ఆ రోజు నుంచి, రెటీనాలో రక్తం కనిపిస్తే పరికరం పక్కన పెట్టి "సాయంత్రం ఒళ్ళు వెచ్చబడుతోందా?" అని అడగడం నాకు అలవాటైంది. మీ డాక్టరు అడిగి ఉంటారు.

ఇక టైఫాయిడ్ సంగతి. ఇక్కడ కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మన ఊళ్ళలో నాలుగు రోజులు జ్వరం వస్తే వైడాల్ పరీక్ష, అందులో అంకె కొంచెం ఎక్కువుంటే టైఫాయిడ్, ఒక సెలైను సీసా, ఐదు రోజుల ఇంజెక్షన్లు. టైఫాయిడ్ ఎక్కువగా తిరిగే ప్రాంతాల్లో ఒక్కసారి చేసిన వైడాల్‌ను నమ్ముకోలేం. ఎప్పుడో వచ్చిపోయిన ఇన్ఫెక్షన్ వల్ల కూడా అంకె పెరిగి ఉండొచ్చు. వేరే జ్వరాల్లోనూ పెరగొచ్చు. ఆ ఐదు రోజుల ఇంజెక్షన్ రక్తంలో తిరిగే బాక్టీరియాను చంపుతుంది, అందుకే జ్వరం దిగుతుంది. వాల్వు మీద ఫైబ్రిన్ పొరల కింద దాక్కున్నదాని జోలికి పోలేదు. మందు ఆపగానే అది మళ్ళీ రక్తంలోకి వస్తుంది, జ్వరం మళ్ళీ వస్తుంది. మీరు రాసిన ఆ తగ్గడం, రావడం వెనక చాలావరకు ఇదే ఉండి ఉంటుందని నా అనుమానం.

దీనివల్ల ఇంకో నష్టం ఉంది, అది పెద్దది. బ్లడ్ కల్చర్‌లో బాక్టీరియా దొరక్కపోవచ్చు. ఏ క్రిమో తెలిస్తే దానికి సరిపడా మందు ఎంచుకోవచ్చు, మందు నాలుగు వారాలా ఆరు వారాలా అన్నది తేల్చుకోవచ్చు. నోటిలో ఉండే స్ట్రెప్టోకాకస్‌కు ఒక మందు, చర్మం మీద నుంచి వచ్చే స్టెఫిలోకాకస్‌కు ఇంకోటి, పేగుల నుంచి, మూత్రం దారి నుంచి వచ్చే ఎంటెరోకాకస్‌కు వేరే జంట మందులు. కల్చర్ ఖాళీగా వస్తే గురి తెలియకుండా రాయి విసిరినట్టే. ఆ రెండు విడతల మందుల స్ట్రిప్పులు, చీటీలు ఏవి దొరికితే అవి సంచిలో వేసుకుని వెళ్ళండి. చివరి మాత్ర ఎప్పుడు వేసిందో గుర్తు చేసుకోండి. కల్చర్ చేసేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న అదే.

కల్చర్‌కు రక్తం తీసేటప్పుడు మీరు గాభరా పడతారు, ముందే చెప్పేస్తున్నా. ఒక్కో సీసాకు ఎనిమిది, పది మిల్లీలీటర్లు, ఒక్కో విడతకు రెండు సీసాలు, వేరు వేరు చోట్ల గుచ్చి మూడు విడతలు. "ఇంత రక్తమా, అసలే నీరసంగా ఉంది" అని చాలామంది అడ్డుపడతారు. అడ్డుపడకండి. రక్తం తక్కువైతే బాక్టీరియా దొరికే అవకాశమూ తక్కువే. చలి, జ్వరం వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఈ జబ్బులో బాక్టీరియా రోజంతా రక్తంలో తిరుగుతూనే ఉంటుంది. మనిషి పరిస్థితి మరీ బాగోకపోతే డాక్టర్లు నిమిషాల్లో కల్చర్లు తీసేసి వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెడతారు. అది మంచిదే. నేను వద్దన్నది ఇంట్లో మాత్రలు.

బ్లడ్ కల్చర్ కొత్త పరీక్షేం కాదు. ప్రఖ్యాత సంగీతకారుడు గుస్తావ్ మాలర్‌కు గుండె వాల్వు సమస్య ఉండేది. 1911 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఆయనకు జ్వరం తగ్గకపోతే, ఈ జబ్బు మీద దిట్ట అయిన ఇమాన్యుయెల్ లిబ్‌మన్‌ను పిలిపించారు. ఆయన శిష్యుడు రక్తం తీసి కల్చర్ చేశాడు, స్ట్రెప్టోకాకస్ దొరికింది. జబ్బు తేలింది, మందే లేదు. ఆ ఏడాది మే నెలలో వియన్నాలో మాలర్ చనిపోయాడు. పెనిసిలిన్ వాడుకలోకి వచ్చేదాకా ఈ జబ్బు వచ్చినవాళ్ళు బతకడం దాదాపు లేదు. ఇప్పుడు మందులున్నాయి, ఆపరేషన్ ఉంది. అయినా ఆసుపత్రిలో చేరినవాళ్ళలో కూడా సుమారు ఐదుగురిలో ఒకరిని కోల్పోతున్నాం. ఆలస్యమైనకొద్దీ ఆ లెక్క మనకు ఎదురు తిరుగుతుంది.

అక్కడ ఎకో తీస్తారు. ఛాతీ మీద నుంచి తీసే ఎకోలో చిన్న వెజిటేషన్లు కనబడకపోవచ్చు. అనుమానం తీరకపోతే గొంతులోంచి ఆహారనాళంలోకి సన్నటి గొట్టం దింపి వెనకనుంచి చూస్తారు, దాన్ని టీఈఈ అంటారు. మొదటి ఎకో బాగుందని ఇంటికి వచ్చేయకండి. రక్తపరీక్ష, మూత్రపరీక్ష, ఈసీజీ కూడా ఉంటాయి. మూత్రంలో ఎర్రకణాలు కనబడటం ఇందులో మామూలే. కీళ్ళవాతానికి చేసే ఆర్ఏ ఫ్యాక్టర్ పరీక్ష పాజిటివ్ వచ్చే అవకాశం కూడా ఉంది. కీళ్ళనొప్పులతోపాటు ఆ రిపోర్టు చూసి కీళ్ళవాతం అనుకుని స్టెరాయిడ్ మొదలుపెట్టిన కేసులు నేను చూశాను. మీ దగ్గర ఎవరైనా ఆ మాటంటే జ్వరం, వాల్వు సంగతి మళ్ళీ గుర్తుచేయండి.

దారిలో వీలైతే అక్క చేతులు, కాళ్ళు ఒకసారి చూడండి. గోళ్ళ కింద నిలువుగా, పుల్ల గుచ్చుకున్నట్టు ముదురు ఎరుపు గీతలు. వేళ్ళ కొసల్లో నొక్కితే నొప్పిపుట్టే చిన్న గడ్డలు. అరచేతుల్లో, అరికాళ్ళలో నొప్పిలేని ఎర్రటి మచ్చలు. ఉంటే ఫొటో తీసి చూపించండి. లేకపోయినా ఆగకండి. ఇవీ, కంటి చుక్కలూ కలిపి డాక్టర్ల దగ్గర ఒక లెక్క ఉంటుంది, డ్యూక్ క్రైటీరియా అని. 1994లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ డాక్టర్లు తయారుచేశారు, 2023లో మళ్ళీ సవరించారు. కల్చర్, ఎకో పెద్ద సాక్ష్యాలు. జ్వరం, ముందునుంచీ ఉన్న వాల్వు జబ్బు, రెప్పలో రక్తపు చుక్కలు, రోత్ మచ్చలు చిన్న సాక్ష్యాలు. చిన్నవి ఎక్కువైతే అవి కూడా గట్టిగానే నిలబడతాయి. మీ కంటి డాక్టరు ఇచ్చిన చీటీ అందుకే ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టండి. క్యాజువాలిటీలో ఉన్న కుర్ర డాక్టరుకు చీటీ ఇవ్వడమే కాదు, నోటితో కూడా చెప్పండి.

నిర్ధారణ అయితే నాలుగు నుంచి ఆరు వారాలు నరంలోంచి యాంటీబయాటిక్. అంత కాలం ఆసుపత్రా అని మీరు అనుకుంటారు, ఇంట్లో ఎవరో ఒకరు పదో రోజుకు "జ్వరం తగ్గిందిగా, మాత్రలు రాయించుకుని వెళ్ళిపోదాం" అంటారు. ఆ మాట వినకండి. ముక్కలు ఊడే ప్రమాదం మందు సరిగ్గా మొదలైన మొదటి రెండు వారాల్లో బాగా తగ్గుతుంది, కానీ గడ్డ లోతుల్లో ఉన్నదాన్ని పూర్తిగా చంపడానికి ఆ మిగతా వారాలన్నీ కావాలి. వాల్వు బాగా పాడైనా, గడ్డ సెంటీమీటరు దాటి పెద్దదై ఊగుతున్నా ఆపరేషన్ అవసరం కావొచ్చు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద వాల్వు ఆపరేషన్లు చేస్తారు. ఆధార్, రేషన్ కార్డు పట్టుకెళ్ళి, చేరిన రోజే ఆ డెస్కులో మాట్లాడండి.

21 రోజుల ఇంజెక్షన్ వేయించుకుంటున్నా ఇదెలా వచ్చిందని మీకు అనుమానం రావచ్చు. అందరూ అడిగేదే. ఆ పెనిసిలిన్ ఇంజెక్షన్ కీళ్ళనొప్పుల జ్వరం మళ్ళీ రాకుండా, వాల్వు ఇంకా చెడకుండా చూడటానికి. ఎండోకార్డైటిస్‌ను ఆపడం దాని పని కాదు, ఆ మోతాదు దానికి సరిపోదు. అయినా ఇంజెక్షన్ మానకూడదు. ఈ మధ్య పన్ను పీకించుకుందా, చిగుళ్ళ వాపు ఉందా అన్నది డాక్టరుకు చెప్పండి. ఈ గండం గట్టెక్కాక, ఇకముందు ఎప్పుడు పన్ను పీకించుకోవాలన్నా గంట ముందు యాంటీబయాటిక్ డోసు పడాల్సి ఉంటుంది. ఎప్పుడూ పెనిసిలిన్ మీద ఉన్న మనిషి నోట్లోని బాక్టీరియా దానికి అలవాటు పడి ఉండొచ్చు కాబట్టి అప్పుడు వేరే మందు ఎంచుకుంటారు. పంటి డాక్టరుకు వాల్వు సంగతి చెప్పకుండా కుర్చీ ఎక్కొద్దనండి.

చివరగా మీరడిగిన చూపు. రోత్ మచ్చలు చాలావరకు రెటీనాలో పక్కన ఎక్కడో ఉంటాయి, చూపుకేమీ కాదు, అవి ఉన్నట్టు మనిషికి తెలియదు కూడా. మీ అక్కకు మసకగా ఉందంటే ఒక మచ్చ చూపు మధ్యభాగంలో పడి ఉండొచ్చు. లోపలి ఇన్ఫెక్షన్ అదుపులోకి వస్తే ఆ రక్తం కొన్ని వారాల్లో ఇంకిపోతుంది, మసక కూడా చాలామందిలో తగ్గుతుంది. దానికి చుక్కలు, విటమిన్ మాత్రలు ఏమీ అక్కర్లేదు. చేరిన ఆసుపత్రిలోనే ఒకసారి, మళ్ళీ రెండు వారాలకొకసారి కంటి డాక్టరును మంచం దగ్గరకు పిలిపించి చూపించండి. ఈలోగా కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా, నలకలు తేలినా, తెర దిగినట్టైనా, అర్ధరాత్రయినా సరే డ్యూటీ నర్సును లేపి చెప్పండి. ఎకో, కల్చర్ రిపోర్టులు వచ్చాక ఏం రాశారో ఇక్కడ పెట్టండి, చూస్తాను.